ఎద్దుకి పళ్ళు చూస్తారు, ఇంజన్‌ని ఎందుకు చూడరు?

పోయిన వారం పాత కార్ల రేసు ఫోటోలు పెడితే కింద చాలామంది రాశారు. "ఏందన్నా, డబ్బున్నోళ్ళ ఆట మనకెందుకు" అని కొందరు. "అంత పాత డొక్కు కార్లు అంత స్పీడు ఎట్టా పోతాయి" అని ఇంకొందరు. మొదటి దానికి తర్వాత చెప్తా. రెండో దాని మీద నాకొక గట్టి అభిప్రాయం ఉంది. పోస్టు పెద్దదే. లంచ్ టైములో చదువుకోండి.

ముందు తెలియనోళ్ళ కోసం నాలుగు ముక్కలు. మా జార్జియాలో బ్రాసెల్టన్ దగ్గర రోడ్ అట్లాంటా అని ట్రాక్ ఉంది. 1970లో కట్టారు, రెండున్నర మైళ్ళ పైన పొడవు, 12 మలుపులు. అక్కడ మిట్టీ అని పాత కార్ల రేసులు జరుగుతాయి. కాలిఫోర్నియాలో లగూనా సెకా ట్రాక్ మీద మాంటెరీలో జరిగేవి ఇంకా పెద్దవి, 1974 నుంచి నడుస్తున్నాయి. వింటేజ్ స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా అయితే 1958 నుంచే ఉంది. ఈ రేసుల్లో ప్రైజ్ మనీ ఉండదు. గెలిస్తే ఒక కప్పో, చెక్కకి బిగించిన రేకో ఇస్తారు, చప్పట్లు కొడతారు. అంతే. పాత కారుని గ్యారేజీలో దుప్పటి కప్పి దాచకుండా, అది పుట్టిన పని దానితో చేయించాలనేది వీళ్ళ ఉద్దేశం. ఇది నాకు బాగా నచ్చింది.

ఇప్పుడు ఇంజన్ సంగతి. మనందరికీ తెలిసిన బండితో చెప్తా. అంబాసిడర్. మన ఎమ్మెల్యేల కారు, కలెక్టర్ కారు, ఊళ్ళో పెళ్ళికి కిరాయికి వచ్చే కారు. దాంట్లో ఏళ్ళ తరబడి ఉన్న 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ ఇంగ్లండు వాళ్ళ బిఎంసి కంపెనీది, బి సిరీస్ అంటారు. 1955లో అదే 1489 సీసీ ఇంజన్ని ఎంజీ కంపెనీ వాళ్ళు ఎంజీఏ అనే స్పోర్ట్స్ కారులో పెట్టారు. అవునన్నా, ఈ అమెరికా ట్రాకుల మీద గంయ్ మని పోయే ఆ చిన్న టాపులేని కారు, మన అంబాసిడర్ ఒక తల్లి బిడ్డలే. మన దాంట్లో 50 హార్స్ పవర్ అటూ ఇటూ వస్తే, ఎంజీఏలో మొదట్లోనే 68 వచ్చేది. బ్లాక్ అదే. రెండు కార్బురేటర్లు, కొంచెం ఎక్కువ కంప్రెషన్, వేరే క్యామ్ షాఫ్ట్. కంపెనీయే చేసిన మార్పులు అవి.

తర్వాత ఎంజీబీ వచ్చేసరికి అదే కుటుంబం ఇంజన్ 1798 సీసీ అయింది. విచిత్రం చూడండి, స్ట్రోక్ మారలేదు. అంబాసిడర్‌దీ 88.9 మిల్లీమీటర్లే, ఎంజీబీదీ 88.9 మిల్లీమీటర్లే. పెరిగిందల్లా బోరు, 73 నుంచి 80 దాకా. బావి లోతు అదే, వెడల్పు పెంచారు.

మరి కంపెనీయే అంత మార్చితే, ఇప్పుడు నడిపేవాడు మార్చితే తప్పేంటి? ఇక్కడే రూల్ బుక్ వస్తుంది. వింటేజ్ క్లబ్బుల్లో కార్లని తయారైన కాలాన్ని బట్టి, సీసీని బట్టి గ్రూపులుగా విడదీస్తారు. ఆ కాలంలో ఆ కారుకి రేసుల్లో ఏది వాడారో అది వాడొచ్చు, తర్వాత వచ్చింది వాడకూడదు, స్థూలంగా ఇదీ రూలు. బోరు మాత్రం కొంచెం పెంచుకోనిస్తారు. క్లబ్బుని బట్టి 40 థౌ, 60 థౌ, ఇట్లా ఉంటుంది. 60 థౌ అంటే ఒకటిన్నర మిల్లీమీటరు. నేను లెక్కేసి చూశా, 1489 సీసీ ఇంజన్ని అంత బోరు కొడితే 1550 దాటుతుంది. ఈ రూలు స్పీడు కోసం పుట్టింది కాదు. సిలిండర్ గోడ అరిగితే బోరు కొట్టి ఓవర్‌సైజ్ పిస్టన్ వేయక తప్పదు. మన మెకానిక్కులు అంబాసిడర్‌కి చేసేదీ అదే. అరవై ఏళ్ళ బ్లాకులు, కొత్తవి ఎక్కడ దొరుకుతాయి? అందుకని రిపేరు కోసం వదిలిన సందు అది.

సందు దొరికితే మనిషి దూరతాడు కదా. రిపేరు సందులోంచి ఏమేమి దూరాయో చూడండి. కొత్త స్టీలు క్రాంకు షాఫ్టు, ఫోర్జ్‌డ్ పిస్టన్లు, కంప్యూటర్ మీద గీసిన క్యామ్ షాఫ్ట్, యంత్రం మీద చెక్కిన పోర్టులు. మనోళ్ళు ఆర్ఎక్స్ 100 కి పోర్టింగ్ చేయించేవాళ్ళు చూడండి, అదే, కాకపోతే దానికి తాతలాంటిది. పాత క్రాంకుతో 6000 దాటితే గుండె దడదడలాడే ఇంజను, కొత్త క్రాంకుతో ఇంకా చాలా పైకి తిరుగుతుంది. బయటికి మాత్రం అదే పాత కారు, అదే రంగు, అదే తలుపు మీద నంబరు.

నా అభిప్రాయం ఇది. ఇంజను పగలకుండా కాపాడే మార్పుని ఒప్పుకోవాలి. ఇంజనుకి అప్పట్లో లేని బలం ఇచ్చే మార్పుని ఒప్పుకోకూడదు. స్టీలు క్రాంకు పెట్టుకో, కానీ ఇన్ని ఆర్‌పీఎమ్‌లకి మించి తిప్పనని ఒప్పుకో. బోరు కొట్టు, కానీ చెప్పిన కొలతకే కొట్టు. ట్యాంకులో ఫ్యూయల్ సెల్, రోల్ బార్, బెల్టులు, మంటకి తట్టుకునే బట్టలు, ఇవన్నీ ఆ కాలంలో లేకపోయినా ఉండాల్సిందే. ప్రాణం దగ్గర పాత పద్ధతి ఏంటి? మేమూ పాత కట్టడాల రిపేరు పనుల్లో హార్నెస్ లేకుండా ఎక్కం కదా.

దీనికి ఒక మంచి ఎదురు వాదన ఉంది, దాన్ని దాటేసి పోలేను. "ఆ కాలం వాళ్ళేమన్నా సత్యహరిశ్చంద్రులా, వాళ్ళూ మార్చారు, మోసం చేశారు, అదే చరిత్ర" అంటారు. నిజమే. 1967లో పెన్‌స్కే టీము, డ్రైవర్ మార్క్ డొనహ్యూ, కమారో కారు బాడీని యాసిడ్‌లో ముంచి రేకు పలచన చేశారు. 1968 సెబ్రింగ్ రేసులో ఒకే కారుని నంబరు మార్చి రెండుసార్లు ఇన్‌స్పెక్షన్‌కి పంపారని డొనహ్యూ తర్వాత తన పుస్తకంలోనే రాసుకున్నాడు. డేటోనా బీచ్‌లో స్మోకీ యూనిక్ అని ఇంకో మహానుభావుడు. నాస్కార్ రూల్లో ట్యాంకు ఎంత ఉండాలో రాశారు గాని పైపు సంగతి రాయలేదని, రెండంగుళాల వ్యాసంతో 11 అడుగుల పెట్రోల్ పైపు పెట్టాడు. ఆ పైపులో 5 గాలన్లు పట్టేదని అందరూ చెప్తారు. నేను కాంక్రీటు లెక్కల అలవాటు కొద్దీ వాల్యూమ్ వేశా, రెండు గాలన్లు కూడా రావట్లేదు. కథ పెరిగినంత పైపు పెరగలేదు. అయినా తెలివి తెలివే.

కానీ ఒక తేడా ఉంది. స్మోకీ తన బుర్రతో, తన గ్యారేజీలో, అప్పుడు ఉన్న పనిముట్లతో చేశాడు. ఎదుటివాళ్ళ చేతుల్లోనూ అవే పనిముట్లు. పైగా అక్కడ జీతం ఉంది, ప్రైజ్ ఉంది, పిల్లల ఫీజులు ఉన్నాయి. ఇప్పుడు ప్రైజ్ లేని రేసులో, 1955 కారులో ఈ ఏడాది తయారైన ఇంజను కొని పెట్టి, 1955 గ్రూపులో నిలబడేవాడు స్మోకీ వారసుడెట్టా అవుతాడు? చెక్కు రాసి ఇచ్చాడు, అంతే. ఆ కాలంలోనే ఆ కారుకి అమ్మిన హెడ్డు అని కాగితం చూపిస్తే నేనేమీ అనను, అది చరిత్రే.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వస్తా, మనకెందుకని. ఆ పార్కింగులో, అక్కడ ప్యాడక్ అంటారు, నడిచి చూడండి. పెద్ద ట్రైలర్లు, నలుగురు మెకానిక్కులు ఉన్నవాళ్ళు ఒక వైపు. ఇంకో వైపు పికప్ వెనకాల కారు కట్టుకుని వచ్చి, తానే స్పానర్ పట్టుకుని టార్పాలిన్ మీద పడుకున్న ముసలాయన. ఎంజీలు, ట్రయంఫ్‌లు నడిపేవాళ్ళు చాలామంది ఈ రెండో రకం. ఒకడు ఖరీదైన ఇంజను పెట్టగానే ముందు ఇబ్బంది పడేది వీళ్ళే. వాళ్ళూ అంత పెట్టాలి, లేకపోతే వెనకాల ఊరేగాలి, లేకపోతే కారు అమ్ముకోవాలి. మూడోదే ఎక్కువ జరుగుద్ది. ఇది మన పనుల టెండర్ లాంటిదే. కమ్మీ తగ్గించి తక్కువకి కోట్ చేసేవాడు ఒకడు వస్తే, సరిగ్గా పని చేసే మేస్త్రీ ఇంటికి పోతాడు.

ఇంకొకటి ప్రాణం సంగతి. 1955 ఎంజీఏకి నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే. ఇంజను బలం పెంచారు, మరి ఆపేది? సన్నటి చక్రాలు, పాత డ్రమ్ములు, దిగుడు మీద మలుపు. వింటేజ్ క్లబ్బులు గుద్దుకోవడం మీద చాలా కఠినంగా ఉంటాయి, అది మెచ్చుకోవాలి. 13/13 రూలు అంటారు. తప్పు నీదైతే ఆ ఈవెంట్ నుంచి పంపేస్తారు, 13 నెలలు నీ మీద కన్ను ఉంటుంది, ఆ లోపల మళ్ళీ చేస్తే 13 నెలలు బయటే. గుద్దినాక అంత కఠినంగా ఉండేవాళ్ళు, గుద్దే స్పీడు తెచ్చిన ఇంజను దగ్గర ఎందుకు మెత్తగా ఉంటారనేది నా బాధ.

మెత్తగా ఎందుకంటే, "మేం జెంటిల్మెన్లం, మాట మీద నడుస్తాం, ఇంజను విప్పితే గాస్కెట్లు పోతాయి, ఖర్చు, టైము" అంటారు. కారు మరీ ఫాస్టుగా పోతుంటే పై గ్రూపులోకి మారుస్తారు కొన్ని చోట్ల. అది జ్వరం తగ్గించడం, రోగం చూడటం కాదు.

మా ప్రకాశం జిల్లాలో ఒంగోలు గిత్తల బండలాగుడు పందేలు ఎంతమంది చూశారు? రెండు పళ్ళ విభాగం, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, ఆ పైన సీనియర్లు. బండ బరువు విభాగాన్ని బట్టి. ఇన్ని నిమిషాల్లో ఎన్ని అడుగులు లాగిందో లెక్క. రైతు ఎంత పెద్దమనిషైనా, ఎద్దు నోరు తెరిచి పళ్ళు చూడకుండా బరిలోకి వదలరు. ఎవరూ అవమానం అనుకోరు. "నా మాట మీద నమ్మకం లేదా" అంటే జనం నవ్వుతారు. కాలాన్ని బట్టి, బలాన్ని బట్టి గ్రూపు పెట్టాక నోరు తెరవాల్సిందే.

మన పనిలోనూ అంతే. కాంక్రీటు పోశాక లోపల కమ్మీ ఎంతుందో ఎవడు చూస్తాడు? అందుకే పోయకముందే కౌంటీ ఇన్‌స్పెక్టర్ వచ్చి ఫుటింగ్ చూసి సంతకం పెట్టాలి. పోశాక కూడా సిలిండర్లు తీసి 28 రోజులకి పగలగొట్టి చూస్తారు. ట్రక్కులో నీళ్ళు కలిపినోడు అక్కడ దొరుకుతాడు. మమ్మల్ని దొంగలనుకుని కాదు, కప్పేసిన పనిని కళ్ళతో చూడలేం కాబట్టి. ఇంజను కూడా కప్పేసిన పనే.

విప్పక్కర్లేదు కూడా. స్పార్క్ ప్లగ్గు తీసి, ఆ బొక్కలోంచి పంపు లాంటి సాధనం పెట్టి సిలిండర్ ఎన్ని సీసీలో కొలిచే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. హెడ్డు తీయకుండానే అయిపోతుంది. ప్రతి ఈవెంట్లో, ప్రతి గ్రూపులో చీటీ తీసి ఇద్దర్ని, గెలిచినవాణ్ణి ఒకణ్ణి, అందరి ముందు, ప్యాడక్ మధ్యలో కొలవండి. కొలత బోర్డు మీద రాయండి. క్యామ్ షాఫ్టు, పోర్టులు దాంతో దొరకవు, తెలుసు. వాటికి ఏడాదికి ఒకటో రెండో ఇంజన్లు నిజంగానే విప్పండి, రూలు ప్రకారం ఉంటే గాస్కెట్ల ఖర్చు క్లబ్బు పెట్టుకోవాలి. తేడా వస్తే వాడే పెట్టుకుని, గుద్దినోడిలాగే 13 నెలలు ఇంట్లో కూర్చోవాలి.

"నువ్వెవడివి చెప్పడానికి, పదో తరగతి" అని ఎవరన్నా కామెంట్ పెడితే పెట్టండి. ఒక్కటే, వాదన మీద మాట్లాడండి. ముఖ్యంగా గల్ఫ్‌లో గ్యారేజీల్లో, వర్క్‌షాపుల్లో చేసే తమ్ముళ్ళు. పాత బ్లాకుకి 60 థౌ దాటి బోరు కొడితే గోడ ఎక్కడ పగులుద్దో మీ చేతులకి తెలుసు, రాయండి. జార్జియా, కరోలినా వైపు ఉన్నవాళ్ళు మిట్టీ జరిగేటప్పుడు ఒకసారి వెళ్ళండి. ప్యాడక్‌లో కార్ల పక్కనే నడవనిస్తారు. పొద్దున్నే పోతే ఇంజన్లు వేడి చేస్తుంటారు, బానెట్లు ఎత్తి ఉంటాయి. ఎంజీఏ కనిపిస్తే ఆగి చూడండి, మీ ఊరి అంబాసిడర్ గుర్తుకొస్తుంది. ఆ ముసలాళ్ళకి ఇంజను గురించి అడిగేవాడు దొరికితే పండగే, మన ఇంగ్లీషు ఎట్టా ఉన్నా పట్టించుకోరు.