కుర్చీకి పేరుంది, చేసినవారి పేరేది?

ఇటీవల మా అమ్మాయి తన కొత్త ఇంటికి భోజనాల బల్ల, ఆరు కుర్చీలు కొనుక్కోవాలని నన్ను వెంటబెట్టుకొని హైదరాబాదులోని ఒక పెద్ద దుకాణానికి వెళ్లింది. అక్కడి యువకుడు మమ్మల్ని ఒక కుర్చీ ముందు నిలబెట్టి, "సార్, ఇది మిడ్ సెంచరీ మోడర్న్. చండీగఢ్ చైర్ అంటారు. అసలుదైతే విదేశాల్లో లక్షల్లో పలుకుతుంది. ఇది దాని నకలు" అని వివరించాడు. కాళ్లు తిరగేసిన ‘వి’ అక్షరంలా ఉన్నాయి. కూర్చునే చోట, వీపు ఆనించే చోట పేము అల్లిక. చూపులకు బాగుంది. నేను దాన్ని తిరగేసి అడుగుభాగం పరిశీలించాను. ముప్పై అయిదేళ్లు ప్రభుత్వ గుమాస్తాగా స్టాక్ రిజిస్టర్లు రాసినవాడికి వస్తువును తిరగేసి నంబరు వెతకడం ఒక అలవాటు. అక్కడ కంపెనీ చీటీ మాత్రమే ఉంది. "దీన్ని చేసిందెవరు బాబూ?" అని అడిగితే కంపెనీ పేరు చెప్పాడు. "కంపెనీ కాదు, చేసిన మనిషి?" అన్నాను. అతడు నవ్వి ఊరుకున్నాడు.

ఆ నవ్వు నన్ను ఇంటిదాకా వెంటాడింది. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

ఈ కుర్చీ పుట్టుకకు మన దేశ విభజనతో సంబంధం ఉంది. 1947లో లాహోర్ పాకిస్తాన్‌కు వెళ్లిపోవడంతో తూర్పు పంజాబ్‌కు రాజధాని లేకుండా పోయింది. కొత్త నగరంగా చండీగఢ్‌ను నిర్మించే బాధ్యతను ప్రసిద్ధ వాస్తుశిల్పి లె కార్బూజియె స్వీకరించారు. ఆయన బంధువు, స్విట్జర్లాండ్‌కు చెందిన పియరీ జానరే 1951లో వచ్చి 1965 దాకా అక్కడే ఉండి పనిచేశారు. సచివాలయం, హైకోర్టు, విశ్వవిద్యాలయం, గ్రంథాలయాలు, వసతిగృహాలు, ఉద్యోగుల నివాసాలు, వీటన్నిటికీ వేల సంఖ్యలో కుర్చీలు, బల్లలు కావలసి వచ్చాయి. వాటిని విదేశాల నుంచి తెప్పించలేదు. దేశీయమైన టేకు, పేము, స్థానిక వడ్రంగుల చేతులు, వీటిని నమ్ముకొని జానరే, ఆయనతో పనిచేసిన యూలీ చౌదరి వంటి భారతీయ వాస్తుశిల్పులు నమూనాలు గీశారు. ఏ చిన్న కార్ఖానాలోనైనా చేయగలిగేంత సరళమైన నమూనాలవి. పేము అల్లిక గుండా గాలి ఆడుతుంది కనుక ఎండాకాలంలో వీపు ఉడికిపోదు. అల్లిక తెగితే తెగినదాన్ని తీసివేసి మళ్లీ అల్లించుకోవచ్చు. చట్రం మాత్రం దశాబ్దాలు నిలుస్తుంది.

జానరే పట్ల నాకు గౌరవమే తప్ప ఫిర్యాదు లేదు. పద్నాలుగేళ్లు మన దేశంలో శ్రమించిన మనిషి ఆయన. 1967లో మరణించాక ఆయన చితాభస్మాన్ని చండీగఢ్‌లోని సుఖ్నా సరస్సులోనే కలిపారు.

కాలం గడిచింది. ఇనుప కుర్చీలు, ప్లాస్టిక్ కుర్చీలు, స్పాంజి దిండ్ల కుర్చీలు వచ్చాయి. చండీగఢ్ కార్యాలయాల్లోని పాత కుర్చీలు మేడల మీదికి, పెరళ్లలోకి చేరాయి. తర్వాత పనికిరాని సామానుగా వేలంలో అమ్ముడుపోయాయి. విదేశీ వర్తకులు వాటిని కొని, బాగుచేయించి, పారిస్, లండన్, న్యూయార్క్ వేలంశాలలకు చేర్చారు. అమెరికా కళాకారిణి ఏమీ సీగెల్ 2013లో తీసిన ‘ప్రావెనెన్స్’ అనే చిత్రం ఈ ప్రయాణాన్ని వెనుకనుంచి ముందుకు, అంటే ధనికుల ఇళ్ల నుంచి చండీగఢ్ దాకా చూపిస్తుంది. 2011లో కేంద్ర హోం శాఖ ఈ వారసత్వ వస్తువుల అమ్మకాన్ని ఆపాలని ఆదేశించింది. అయితే 1972 నాటి పురావస్తువుల చట్టం కింద ఇలాంటి వస్తువును పురావస్తువుగా గుర్తించాలంటే దానికి కనీసం నూరేళ్ల వయసుండాలి. ఈ కుర్చీలకు ఆ వయసు లేదు.

ఇందులో నన్ను కలచివేసిన విషయం మరొకటి ఉంది. ఆ కుర్చీల మీద ఏ శాఖకు చెందినవో తెలిపే అక్షరాలు, అంకెలు రంగుతో రాసి ఉంటాయి. నావంటి ఏ గుమాస్తానో చెప్పగా ఏ అటెండరో రాసినవి. ఈనాడు కుర్చీ అసలుదని నమ్మించే ఆనవాళ్లలో అవి ముఖ్యమైనవి. ఏ కార్యాలయంలో ఉండేదో తెలుసు, గీసిన దొర పేరు తెలుసు. కానీ కొయ్య కోసి, చిత్రికపట్టి, బెజ్జాలు తొలిచి, పేము అల్లిన వారి పేర్లు ఆ కొయ్య మీద ఎక్కడా లేవు.

ఈ మాట అనే ముందు నా తప్పును నేను ఒప్పుకోవాలి. నేను ఉద్యోగంలో చేరిన తొలినాళ్లలో మా కార్యాలయంలోనూ పేము కుర్చీలే ఉండేవి. అవి చండీగఢ్ నమూనాలు కావు, సాధారణమైన సర్కారు కుర్చీలు. ఏడాదికొకసారి ఒక పెద్దమనిషి వచ్చి చిరిగిన అల్లికలు తీసి కొత్తవి అల్లేవారు. ఆయనకు చూపు లేదు. మన దేశంలో అంధుల పాఠశాలలు నేర్పుతూ వచ్చిన వృత్తులలో కుర్చీ అల్లిక ఒకటి. ఆయన కూడా అలా నేర్చుకున్నవారే. మేమంతా చాచా అని పిలిచేవాళ్లం. పేము బద్దలను నీళ్లలో నానబెట్టి, వరండాలో చాప వేసుకొని కూర్చొని, చట్రం చుట్టూ ఉన్న బెజ్జాలను వేళ్లతో లెక్కపెట్టుకుంటూ నిలువుగా, అడ్డంగా, ఆపై ఐమూలగా బద్దలు దూర్చేవారు. ఒక్క సీటు పూర్తి కావడానికి రోజుకు పైగా పట్టేది. "బేటా, కూర్చొని చూడు" అనేవారు. కూర్చుంటే అల్లిక గట్టిగా, చల్లగా తగిలేది.

బిల్లు మాత్రం కాంట్రాక్టరు పేరు మీద పాసయ్యేది. ఆ బిల్లులు నేనే రాసేవాణ్ణి. ‘కుర్చీల మరమ్మతు, కూలి’ అని రాశానే తప్ప, ఏ కాగితం మీదా చాచా పేరు రాయలేదు. తర్వాత ఒక ఏడు ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి. పాతవాటి జాబితా తయారుచేయమని నాకు అప్పగించారు. ఒక్కొక్క కుర్చీకి ఎదురుగా ‘పనికిరానిది’ అని నా చేతితోనే రాశాను. వాటిలో చాలావాటి చట్రాలు ఉక్కుముక్కల్లా ఉన్నాయి. అల్లిక మాత్రమే చెడింది. ఆ మరుసటి ఏడు చాచా మనవడి భుజం పట్టుకొని వచ్చి, పనిలేదని తెలుసుకొని వెళ్లిపోయారు. ఆయన పూర్తి పేరు ఏమిటో నేను అప్పుడూ అడగలేదు.

ఇక నకళ్ల సంగతి. ఈ కుర్చీలను ఇప్పుడు బెంగళూరు మొదలుకొని ఇటలీ దాకా తయారుచేస్తున్నారు. ఇటలీలో పేరుమోసిన కసీనా సంస్థ 2019లో జానరేకు నివాళిగా వీటి ఆధారంగా కుర్చీలను విడుదల చేసింది. నకలు చేయడమే తప్పని నేను అనను. మన దేశంలో 2000 నాటి డిజైన్ల చట్టం ప్రకారం రిజిస్టరైన నమూనాకు కూడా రక్షణ పదేళ్లు, పొడిగిస్తే మరో అయిదేళ్లు. 1950ల నాటి నమూనా ఆ గడువును ఎప్పుడో దాటింది. పైగా అది ప్రజల డబ్బుతో, ప్రజల కార్యాలయాల కోసం తయారైన నమూనా. నాలుగు చోట్ల నలుగురు వడ్రంగులు చేయడానికే గీసినది. మంచి కుర్చీ నలుగురి ఇళ్లలో ఉండటం మంచిదే.

అయితే నకలుకు మూడు నియమాలు ఉండాలి. ఒకటి, నకలును నకలని చెప్పాలి. కొత్త కొయ్యకు మసి పూసి, గీతలు గీసి, దొంగ నంబర్లు వేసి అసలుదని అమ్మడం మోసం. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం దాన్ని అనుచిత వ్యాపారంగానే చూస్తుంది. రెండు, పనితనం గురించి నిజం చెప్పాలి. యంత్రంతో అల్లిన పేము చాపను గాడిలో నొక్కి బిగించి ‘చేతి అల్లిక’ అని అమ్మేవారున్నారు. తేడా తెలుసుకోవడం కష్టం కాదు. చేతి అల్లికకు చట్రం చుట్టూ వరుసగా బెజ్జాలుంటాయి, అడుగున ముడులు కనిపిస్తాయి. యంత్రపు చాపకు అంచు వెంబడి గాడి, అందులో బిగించిన సన్నని బద్ద ఉంటాయి. యంత్రపుది చవక, అదేమీ నేరం కాదు. కానీ చేతిపని ధర తీసుకొని యంత్రపుది ఇవ్వడం కొనేవారికీ అన్యాయం, అల్లేవారికీ అన్యాయం.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది. చేసినవారి పేరు చెప్పాలి. విదేశీ వాస్తుశిల్పి పేరు చెప్పి ధర పెంచుకునే సంస్థకు తన కార్ఖానాలో రంపం పట్టినవారి పేరు రాయడానికి అభ్యంతరమేమిటి? పేరు ఉన్నచోట కూలి అడిగే గొంతు ఉంటుంది. పేరు లేనిచోట మనిషి ‘కూలి’ అనే ఒక పద్దుగా మిగిలిపోతాడు. ఆ పద్దు రాసిన చేతితో ఈ మాట చెబుతున్నాను.

ఇది మన ఇళ్లకు దూరమైన విషయం కాదు. సహారన్‌పూర్ చెక్కపని గల్లీలలో తరతరాలుగా ముస్లిం కుటుంబాలున్నాయి. మన ఊళ్లలోనూ వడ్రంగం, కుర్చీల అల్లిక, పాలిష్ పనులు చేసుకొని బతికేవారు మన మొహల్లాల్లో కనిపిస్తారు. వారిలో ఎంతమందికి తమ వృత్తిని ధ్రువీకరించే ఒక్క కాగితమైనా ఉంది? 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకం పద్దెనిమిది వృత్తులకు వర్తిస్తుంది. వడ్రంగం అందులో ఉంది. గుర్తింపు పత్రం, పనిముట్లకు పదిహేను వేల రూపాయల సహాయం, పూచీకత్తు లేకుండా రెండు విడతల్లో మూడు లక్షల దాకా అయిదు శాతం వడ్డీకి రుణం ఇందులో ఉన్నాయి. అర్హులైనవారిని వెదికి దరఖాస్తు చేయించడం మన సంఘాలు చేయగలిగిన పని. సభలకన్నా ఇది చిన్న పని, కానీ ఒక ఇంటికి పనికొచ్చే పని.

మా అమ్మాయి ఆ దుకాణంలో కుర్చీలు కొనలేదు. పాతబస్తీలో ఒక వడ్రంగికి ఫొటో చూపించి, టేకుతో ఆరు కుర్చీలు చేయించుకుంది. అల్లిక ఆయన బావమరిది చేశాడు. అడుగున ఇద్దరి పేర్లూ రాయమని అడిగితే, "దేనికమ్మా, ఎవరు చూస్తారు?" అన్నాడట ఆ వడ్రంగి. "మా అబ్బా చూస్తారు" అందట మా అమ్మాయి.

మీరూ కొనే ముందు కుర్చీని ఒకసారి తిరగేయండి. పేరు లేకపోతే అడగండి. నేను అడగలేదు. అది ఇప్పటికీ నాకు బాధగానే ఉంది.