వాకిలి లేని కోట

"మొదట పుట్టిందే అసలు, తరువాత వచ్చేవన్నీ దాని నీడలు" అన్నది మా బావ సిద్ధాంతం. సినిమాలకైనా, నవలలకైనా, పేరుమోసిన హోటలు తెరిచే రెండో బ్రాంచీకైనా దీన్నే వర్తింపజేస్తాడు. నేను సాధారణంగా వాదనకు దిగను. ఎంచేతనంటే సాధారణంగా బావ అన్నదే నిజమవుతుంది. హిట్టయిన సినిమాకు రెండో భాగమంటే చాలాసార్లు చల్లారిన అన్నాన్ని వేడిచేసి వడ్డించడమే. కానీ ఒక్క విషయంలో మాత్రం ఇరవయ్యేళ్ళు దాటినా మా ఇద్దరికీ పొంతన కుదరలేదు. అది 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్' అనే కంప్యూటరు ఆట.

సాహిత్యం గురించి నాలుగు మాటలు రాసుకునే చోట ఈ పిల్లల ఆటేమిటని మిత్రులు కొందరు నొసలు ముడివేయవచ్చు. కాస్త ఓపిక పట్టండి. ఒక కృతిని ఎలా మెరుగుపరచాలి, దేన్ని ముట్టుకోవాలి, దేన్ని ముట్టుకోకూడదు అన్న ప్రశ్న మనందరిదీ కదా.

నేను తిరుపతిలో డిగ్రీ చదువుకునే రోజుల్లో మేముండే వీధి చివర ఒక ఇంటర్నెట్ సెంటరు ఉండేది. ఉత్తరాలు చూసుకోవడానికని వెళ్ళి, తీగతో ఒకదానికొకటి తగిలించిన నాలుగు కంప్యూటర్ల ముందు రాజ్యాలు ఏలి వచ్చేవాళ్ళం. కరెంటు పోతే రాజ్యాలూ పోయేవి. ఆటకు రెండు భాగాలూ అక్కడ ఉండేవి. 1997లో వచ్చిన మొదటిది బావకు ప్రాణం. 1999లో వచ్చిన రెండోది, 'ది ఏజ్ ఆఫ్ కింగ్స్', నాకు ప్రాణం. రెండింటినీ తయారుచేసింది అమెరికాలోని ఎన్‌సెంబుల్ స్టూడియోస్ అనే ఒకే సంస్థ.

ఆట తెలియని వారికోసం ఒక ముక్క. కొద్దిమంది పల్లె జనంతో మొదలుపెట్టాలి. వాళ్ళచేత కట్టెలు కొట్టించి, పొలం సాగుచేయించి, బంగారం, రాయి తవ్వించి, ఇళ్ళు, కోటలు కట్టి, సైన్యాన్ని పోగుచేసి ఎదుటివాణ్ణి గెలవాలి. మొదటి ఆటలో రాతియుగం నుంచి ఇనుపయుగం దాకా నడక. రెండోది మధ్యయుగాల కథ.

ఒకరోజు మొదటి ఆటలో బావ దాడికి భయపడి నా ఊరి చుట్టూ రాతిగోడ కట్టుకున్నాను. ఎక్కడా సందు లేకుండా కట్టానని మురిసిపోయాను. కాసేపటికి లోపలి బంగారం అయిపోయింది. బయటి గనులన్నీ బావ తీరిగ్గా తవ్వుకుంటున్నాడు. నా సైన్యం గోడ లోపల నిలబడి చూస్తోంది. అప్పుడు తెలిసివచ్చింది, ఆ ఆటలో గోడలకు తలుపులు లేవని. గోడ కట్టుకోవచ్చు, వాకిలి పెట్టుకోలేము. బయటికి రావాలంటే నా గోడను నేనే పగలగొట్టుకోవాలి. పగలగొట్టాను. ఆ సందులోంచే బావ సైన్యం లోపలికి వచ్చింది.

రెండో ఆటలో గోడకు వాకిలి వచ్చింది. మనవాళ్ళు వస్తే తెరుచుకుంటుంది, శత్రువు వస్తే మూసుకుంటుంది. చిన్న విషయమే. కానీ రెండు ఆటల మధ్య తేడా అంతా నాకు ఆ వాకిట్లోనే కనిపిస్తుంది. ఆ మార్పు చేసినవాళ్ళు ఆటను పెద్దది చేద్దామని కూర్చోలేదు. తమ ఆటను తామే ఆడి, ఎక్కడ ఇరుక్కుంటున్నామో చూసుకున్నారు.

అలాంటివి ఇంకా ఎన్నో. మొదటి ఆటలో సైనికులను పదిమందిని ఒకచోటికి పొమ్మంటే ఎవరి దారిన వాళ్ళు పోయేవారు, చెట్టుకో గుట్టకో తగులుకుని నిలబడిపోయేవారు. రెండోదానిలో వరుస కట్టి, అందరికంటే నెమ్మదైనవాడి నడకకు తగ్గట్టు కలిసి నడవడం నేర్చుకున్నారు. మొదటిదానిలో శత్రువు ఊరిమీద పడితే పల్లె జనం చావవలసిందే. రెండోదానిలో గంట మోగిస్తే అందరూ పరుగున వచ్చి ఊరి నడిమి భవనంలో తలదాచుకుని, అక్కడినుంచే బాణాలు వేస్తారు. మొదటిదానిలో పనిచేసే జనమంతా మగవాళ్ళే. రెండోదానిలో ఆడవాళ్ళూ కట్టెలు కొట్టారు, గనులు తవ్వారు. మొదటిదానిలో జనం ఏ దేశంవారైనా అర్థంలేని శబ్దాలేవో చేసేవారు. రెండోదానిలో ఎవరి భాష వాళ్ళు మాట్లాడారు.

అంగడి సంగతి మా జిల్లావాళ్ళకు ప్రత్యేకంగా నచ్చాలి. రెండో ఆటలో ధాన్యాన్ని, కట్టెలను, రాతిని అంగట్లో అమ్ముకోవచ్చు. కానీ అమ్మిన ప్రతిసారీ ధర దిగుతుంది, కొన్న ప్రతిసారీ ఎక్కుతుంది. అందరూ ఒకేసారి ఒకే సరుకు తెచ్చి పోస్తే ఏమవుతుందో మదనపల్లె టమాటా మార్కెట్టుకు బండి తోలిన రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఇక పొలం. మొదటి ఆటలో పంట అయిపోతే పొలం మాయమయ్యేది. గుర్తుపెట్టుకుని మళ్ళీ వేయాలి, లేకపోతే ఆ మనిషి ఊరికే నిలబడేవాడు. 2000లో రెండో ఆటకు అనుబంధంగా వచ్చిన 'ది కాంకరర్స్'లో పొలాలకు ముందుగానే డబ్బు కట్టిపెట్టుకునే ఏర్పాటు వచ్చింది. 2019లో వచ్చిన 'డెఫినిటివ్ ఎడిషన్'లో పొలం దానంతటదే సాగులోకి వచ్చే వెసులుబాటు కలిగింది. అంటే ఒక్క పొలం సంగతి సరిదిద్దడానికి ఇరవై రెండేళ్ళు. దీన్ని నేను నవ్వులాటకు చెప్పడంలేదు. గౌరవంతోనే చెబుతున్నాను.

బావ వాదన కూడా చెప్పకపోతే అన్యాయమవుతుంది. "ఏమీ లేని చోట మొదటి ఆటను ఊహించిందెవరు? కష్టమంతా వాళ్ళది. తరువాతివాళ్ళు తలుపులు బిగించారు, అంతే కదా" అంటాడు. నిజమే. కానీ మన భారతాన్ని తలచుకోండి. పదకొండో శతాబ్దంలో నన్నయ సంస్కృత భారతాన్ని తెలుగులోకి ఎలా తేవాలన్న దారి వేశాడు. ఏ ఛందస్సు, ఎంత సంస్కృతం, ఎక్కడ పద్యం, ఎక్కడ వచనం అన్న లెక్కలన్నీ ఆయనే తేల్చవలసివచ్చింది. అరణ్యపర్వం నడుమ ఆగిపోయాడు. పదమూడో శతాబ్దంలో విరాటపర్వం నుంచి అందుకున్న తిక్కనకు ఆ దారి వేసే భారం లేదు. అందుకే పాత్రల మాటమీద, మాట వెనక ఉన్న మనసుమీద అంత శ్రద్ధ పెట్టగలిగాడు. తిక్కన ఎక్కువంటే నన్నయ తక్కువని అర్థం కాదు. మొదటివాడు చేసిన పని రెండోవాడి చేతులను ఖాళీ చేసింది. ఆ ఖాళీ చేతులతో ఏం చేశాడన్నదే రెండోవాడికి పరీక్ష.

ఆ పరీక్షలో అందరూ నెగ్గరు. అదే సంస్థ 2005లో మూడో ఆటను తెచ్చింది. బొమ్మలు చూడముచ్చటగా ఉన్నాయి. కానీ అందులో పల్లె జనం తెచ్చిన సరుకును ఎక్కడా దించనక్కరలేదు. చెట్టు దగ్గరే కట్టెలు లెక్కలోకి వచ్చేస్తాయి. శ్రమ తగ్గింది కదా, మంచిదే కదా అనిపిస్తుంది. కానీ రెండో ఆటలో కట్టెల కొట్టం ఎక్కడ కట్టాలి, అడవికి దగ్గరగానా, కోటకు దగ్గరగానా, శత్రువు వచ్చే దారికి ఎంత ఎడంగా అన్నది ఆటగాడి తెలివికి సంబంధించిన విషయం. దాన్ని తీసేస్తే శ్రమతోపాటు ఆలోచన కూడా పోయింది. వాకిలి పెట్టడం వేరు, గోడ తీసేయడం వేరు. చేతికి విసుగు పుట్టించే పనిని తగ్గించి, బుద్ధికి పెట్టే పనిని అలాగే ఉంచినందువల్లే రెండో ఆట మొదటిదాన్ని మించింది. బలాలు, బొమ్మలు, రాజ్యాల సంఖ్య పెంచినందువల్ల కాదు. మొదటి ఆటలో పన్నెండు నాగరికతలుంటే రెండోది వచ్చిన నాటికి ఉన్నవి పదమూడే.

కాలం కూడా ఇదే తీర్పు చెప్పిందనుకుంటాను. ఎన్‌సెంబుల్ స్టూడియోస్ 2009లో మూతపడింది. అయినా రెండో ఆట బతికింది. మొదటి ఆటకు 2018లో కొత్త రూపు ఇచ్చారు. అది చాలలేదు కాబోలు, 2023లో ఆ నాగరికతలను తెచ్చి రెండో ఆట ఇంట్లోనే కూర్చోబెట్టారు. తండ్రి కొడుకు ఇంటికి వచ్చి ఉన్నట్టు. ఈ మాట చెబితే బావ రెండురోజులు ఫోను ఎత్తలేదు.

ఇంతవరకూ వాదనలో నాదే పైచేయి. కానీ మొన్న వేసవిలో మావాడిని చంద్రగిరి కోటకు తీసుకెళ్ళినప్పుడు నా గెలుపుకు కొంచెం బీటపడింది.

వాడికి పదకొండేళ్ళు. నేను నేర్పిన ఆటే ఆడుతున్నాడు. వాడికి ఇష్టమైన జట్టు ద్రవిడులు. దీని వెనక చిన్న కథ ఉంది. 2013లో ఈ ఆటలోకి మొదటిసారి 'ఇండియన్స్' వచ్చారు. ఇంత దేశానికీ ఒకటే జట్టు, ఒకటే భాష. 2022 ఏప్రిల్‌లో 'డైనస్టీస్ ఆఫ్ ఇండియా' వచ్చి ఆ ఒక్కరి స్థానంలో హిందుస్తానీలు, గుర్జరులు, బెంగాలీలు, ద్రవిడులు అని నలుగురిని నిలబెట్టింది. మా చిత్తూరు జిల్లా నుంచి తిరుపతి వేరే జిల్లా అయిందీ ఆ నెలలోనే. ద్రవిడుల కథగా రాజేంద్రచోళుణ్ణి ఎంచుకున్నారు, వాళ్ళ నోట తమిళం పలికించారు. మావాడు మొదటిసారి విని, "నాన్నా, వీళ్ళు అవ్వ మాట్లాడినట్టే మాట్లాడుతున్నారు" అని ఎగిరి గంతేశాడు. మా అమ్మ పుట్టిల్లు తిరుత్తణి వైపు. ఈ సరిహద్దు జిల్లాలో సగం ఇళ్ళు రెండు భాషల్లో మేల్కొంటాయి. కాబట్టి ఆ తమిళం మాకు పరాయిది కాదు. ఆ రోజు వాడి సంతోషమే నా సంతోషం.

కోట ముందు నిలబడి వాడు, "ఇది కట్టినవాళ్ళు ద్రవిడులేనా? మరి రాజు తెలుగులో మాట్లాడేవాడా?" అని అడిగాడు. విజయనగరం పడిపోయాక మిగిలిన రాజ్యాన్ని 1586 నుంచి 1614 దాకా వేంకటపతిరాయలు ఏలాడనీ, కొంతకాలం ఈ చంద్రగిరే రాజధాని అనీ, ఆయన కొలువులో తెలుగు కవులుండేవారనీ చెప్పాను. "మరి ఆటలో ఎందుకు లేరు?" అన్నాడు. జవాబు లేకపోయింది. ఆ ఆటలో 1598 నాటి కొరియా నౌకాయుద్ధం ఉంది. ఆ ఏట ఇక్కడ, ఈ కొండ కింద, రాయలు కొలువు తీర్చి ఉన్నాడు. ద్రవిడుల లాయంలో బరువైన కవచం తొడిగిన 'నైట్' రౌతు లేడు. తెలుగు రాయల గుర్రాల గురించి పోర్చుగీసు యాత్రికుడు నూనిజ్, రాజు ఏటా పదమూడువేల గుర్రాలు కొనేవాడని రాసిపెట్టాడు. చోళుల సైన్యానికి ఏనుగులు సరిపోవచ్చు. తరువాతి అయిదువందల ఏళ్ళ దక్షిణదేశానికి సరిపోవు.

ఇంటికొచ్చి బావకు ఫోను చేసి ఈ సంగతి చెప్పాను. "చూశావా, నీ రెండోది కూడా వాకిలి లేని కోటే" అని నవ్వాడు. నేను ఒప్పుకున్నాను. కానీ ఒక తేడా ఉందన్నాను. ఒకప్పుడు దేశమంతటికీ ఒకటే భాష ఇచ్చినవాళ్ళు తొమ్మిదేళ్ళకు దాన్ని నాలుగు చేసుకున్నారు. తప్పు ఒప్పుకుని మళ్ళీ కట్టే అలవాటు వాళ్ళకు 1999లోనే పట్టుబడింది. మొదటిదే పరమమని మనం దండం పెట్టి కూర్చుంటే ఏ గోడకూ వాకిలి రాదు. అడిగేవాళ్ళు అడగాలి. కాకపోతే అడిగే ముందు మన రాయల గురించి, మన కోటల గురించి మనం ఎంత రాసిపెట్టుకున్నామన్న ప్రశ్న ఒకటి మిగిలే ఉంది. అది ఆట చేసినవాళ్ళను కాదు, మనల్ని అడగవలసింది.

మావాడు ఆ రాత్రి పటం తయారుచేసే చోటికెళ్ళి, ఒక కొండ, దానికింద ఒక కోట కట్టాడు. పేరు చంద్రగిరి అని పెట్టుకున్నాడు. గోడ చుట్టూ తిప్పి, ముందుగా వాకిలి పెట్టాడు.