డబ్బాకి చిల్లులు పెడితే ఇల్లవుతుందా?

మా మేనల్లుడు అమీర్‌పేటలో ఉంటాడు. రెండు గదుల ఫ్లాటు, దానికో బాల్కనీ. బాల్కనీలో బట్టలారేసే తీగ, తీగ కింద ప్లాస్టిక్ టబ్బు, టబ్బులో తాబేలు. మొన్న ఆదివారం నేను వెళ్ళేసరికి మావాడు ఇనుప చువ్వని గ్యాసు పొయ్యి మీద ఎర్రగా కాల్చి, కొత్త టబ్బు మూతకి చిల్లులు పొడుస్తున్నాడు. ఇల్లంతా ప్లాస్టిక్ కాలిన కంపు.

"ఏమిట్రా ఇది?" అన్నాను.

"పాత టబ్బు చాలడం లేదు మావయ్యా. గాలికి చిల్లులు, వెచ్చదనానికి బల్బు, ఎక్కి కూచోడానికి ఇటుక. పంజగుట్టలో కొన్నాను" అన్నాడు, చార్మినార్ కట్టిస్తున్న నవాబు లాగా.

ఇది మూడో టబ్బు. కొన్ననాడు ఆ తాబేలు రూపాయి బిళ్ళకంటే కాస్త పెద్దది. ఇవాళ ఉప్మా ప్లేటంత అయింది. చెవుల దగ్గర ఎర్ర చారలుండే ఈ జాతిది అమెరికాలోని మిసిసిపీ నదీ ప్రాంతం. ఆడది దాదాపు అడుగు పొడుగు దాకా పెరుగుతుంది. సరిగ్గా చూసుకుంటే ముప్పై ఏళ్ళు బతుకుతుంది. ఈ రెండు సంగతులూ అమ్మినవాడు చెప్పలేదు, కొన్నవాడు అడగలేదు.

టబ్బుని బాగుచెయ్యడం తప్పని నేననను. తెచ్చుకున్నాక ఆ మాత్రం చెయ్యడం ధర్మం. నా పేచీ అల్లా, నాలుగు చిల్లులు పొడిచేస్తే మన బాధ్యత తీరిపోయిందనుకునే ధీమాతోనే.

ఆ బల్బు సంగతే చూడండి. వేడినిస్తుంది, నిజమే. కాని తాబేలుకి ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలు కూడా కావాలి. అవి తగిలితేగాని ఒంట్లో డి విటమిను తయారవదు. అది లేందే కాల్షియం ఒంటబట్టదు. డిప్ప మెత్తబడి వంకర్లు పోతుంది. మామూలు బల్బు ఆ కిరణాలివ్వదు, కిటికీ అద్దం వాటిని లోపలికి రానివ్వదు. ఇక నీళ్ళంటారా, తిండీ అందులోనే, దొడ్డీ అందులోనే. వడకట్టే యంత్రం లేకపోతే రోజూ మార్చాలి. పిల్లలు తాబేలుని ముట్టుకుని, ఆ చేతులే నోట్లో పెట్టుకుంటే సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి వల్ల వాంతులు, విరేచనాలు. ఆ భయంతోనే అమెరికావాళ్ళు 1975లో నాలుగంగుళాల లోపు తాబేళ్ళ అమ్మకాన్ని నిషేధించారు. పుట్టింటివాళ్ళే వద్దన్న పిల్లని మనం బాల్కనీలో కాపురం పెట్టించాం!

ఇంతలో పై ఫ్లాటు ఆయన వచ్చి, "మాదింకా మంచిదండీ, నక్షత్ర తాబేలు, ఇంట్లో ఉంటే లక్ష్మి" అన్నారు. దాన్ని అద్దాల తొట్టిలో నీళ్ళు పోసి ఉంచారట. అయ్యా, అది నేల మీద గడ్డి మేసే జీవి. దానికి ఈత రాదు! పైగా 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం కింద దాన్ని ఇంట్లో పెట్టుకోవడం నేరం. 2022 సవరణతో అది మొదటి షెడ్యూలుకెక్కింది. శిక్ష మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ జైలు, పాతికవేలకు తగ్గని జరిమానా. లక్ష్మి మాట దేవుడెరుగు, ముందు వచ్చేది అటవీశాఖ జీపు. మందర పర్వతాన్ని మోసిన కూర్మావతారాన్ని కొలవాలనుంటే శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మం వెళ్ళి దణ్ణం పెట్టుకు రావచ్చు. ఇంట్లో ఉన్నదాన్ని మాత్రం అటవీశాఖకి అప్పజెప్పాలి. అమీర్‌పేటలో మెట్రో ఎక్కితే నాలుగో స్టేషను లక్డీకాపూల్. అరణ్య భవన్ అక్కడికి దగ్గరే. ఈ మాట చెబితే ఆయన గబగబా మెట్లెక్కి వెళ్ళిపోయారు.

"పోనీ, దీన్ని హుస్సేన్ సాగర్‌లో వదిలేస్తాను" అన్నాడు మావాడు.

అదింకా ఘోరం. స్థానిక జీవాలకి చేటు తెచ్చే నూరు వలస జాతుల జాబితా ఒకటుంది. ఈ ఎర్రచెవుల తాబేలు పేరు అందులో ఉంది. చెరువులో దిగితే మన తాబేళ్ళ తిండీ, అవి ఎండ కాచుకునే రాళ్ళూ ఆక్రమించుకుంటుంది. మన బాల్కనీ ఖాళీ చెయ్యడానికి వాటి ఇళ్ళు ఖాళీ చేయిస్తామా?

మావాడు అంతా విని చువ్వ కింద పెట్టాడు. "ఉపన్యాసం బాగుంది మావయ్యా. పంజగుట్టలో మీ పెరట్లో సిమెంటు తొట్టి ఖాళీగానే ఉందిగా?" అన్నాడు.

నోరున్నవాడికి తప్పించుకునే దారి ఉండదు. తాబేలిప్పుడు మా పెరట్లోనే ఉంది. సగం ఎండ, సగం నీడ, పైన ఇనుప జాలీ. "కరివేపాకు మొక్కకి చోటు లేదన్నారుగా!" అని మా ఆవిడ రోజూ దెప్పుతోంది. నీళ్ళు మార్చే పని నాదే.

నాకిప్పుడు అరవై నాలుగేళ్ళు, దానికి మూడు. నా తర్వాత దాన్ని ఎవరు చూస్తారని మేనల్లుణ్ణి అడిగితే తల గోక్కున్నాడు. అంగట్లో రూపాయి బిళ్ళంత తాబేలుని చూసి ముచ్చటపడే ముందు, ఈ లెక్క ఒక్కసారి కట్టుకోండి.