ఇంటరుమీడియేటు చదువు: ఎంపిక ఎవరిది?

పదవతరగతి ఫలితములు వెలువడిన మరునాటినుండి మన పట్టణములలో ఇంటింటను ఒకే ప్రశ్న వినబడును: ఎంపీసీయా, బైపీసీయా? హెచ్ఈసీ యను పేరెత్తిన యెడల, పాపము, పిల్లవానికి మార్కులు తక్కువ వచ్చినవా యని బంధువులు పరామర్శింతురు.

ఈ స్థితి ఒక్కనాట దాపురించినది కాదు. 1971లో ఇంటరుమీడియేటు విద్యామండలి యేర్పడిన కాలమున చరిత్ర, అర్థశాస్త్రము, పౌరశాస్త్రము చదివి న్యాయవాదులు, ఉపాధ్యాయులు, తహసీల్దారులు కాగోరు విద్యార్థులకు కొదువ లేకుండెను. 1986లో ఎంసెట్టు పరీక్ష వచ్చెను. 1998లో హైదరాబాదున సైబరు టవర్సు లేచెను. 2008లో ప్రభుత్వమే బోధనరుసుమును చెల్లించు పథకము వచ్చిన పిదప, కొలది యేండ్లలో ఉమ్మడిరాష్ట్రమున ఇంజనీరింగు కళాశాలల సంఖ్య 700లు దాటెను. ఆ మార్గమున కౌలురైతుల బిడ్డలు సయితము పైకి వచ్చిరి. దానిని నిందించుట కృతఘ్నత యగును.

మా ఆక్షేపణ వేరు. కార్పొరేటు కళాశాలలలో చాలవరకు చరిత్ర గ్రూపే లేదు. అంగడిలో పెట్టని సరకును ఎవరును అడుగుట లేదని చెప్పుట వర్తకుని నేర్పు. దానిని విద్యార్థుల అభిరుచి యనుట ఎట్లు?

ద్వితీయభాష కథ మరింత విచారకరము. రెండేండ్ల 1000 మార్కులలో దానికి 200 మార్కులు కేటాయింపబడినవి. తెలుగు మాతృభాషగా గల బిడ్డలు వేలకొలది తెలుగును విడిచి సంస్కృతమును పట్టిరి. సంస్కృతమునెడ మాకు గల గౌరవము ఎవరి గౌరవమునకును తీసిపోదు. కాని యచ్చట జరుగునది సంస్కృతాధ్యయనమా? అనేక ప్రశ్నలకు తెలుగునగాని ఆంగ్లముననగాని సమాధానము వ్రాయవచ్చునట! స్వల్పశ్రమతో మార్కులు దండిగ వచ్చును. మిగిలిన గంటలు గణితమునకు దక్కును. తెలుగు పోవుచున్నది, సంస్కృతమును రాకున్నది.

1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావు ప్రభృతులు స్థాపించిన విజ్ఞానచంద్రికా మండలి చరిత్రగ్రంథములను, ప్రకృతిశాస్త్ర గ్రంథములను ఒకే వరుసలో ప్రకటించినది. భౌతికశాస్త్రము చదువువాడు కాకతీయుల నెరుగనక్కర లేదని వారికి తోచలేదు. కళలకును శాస్త్రములకును నడుమ కఠినమైన గోడ యుండరాదని 2020 జాతీయ విద్యావిధానమును పలికినది, పలికి ఊరకున్నది. మన ఊరి దేవాలయమందలి శాసనమును చదువగలవాడు రేపు ఎచ్చటనుండి రావలెను?

ఉభయరాష్ట్రముల ప్రభుత్వములను మేము కోరునది ఇది. మానవశాస్త్రముల గ్రూపు ఒకటియైన నడుపని కళాశాలకు గుర్తింపు నీయరాదు. సర్కారు జూనియరు కళాశాలలలో చరిత్రోపన్యాసకుల ఖాళీలను నింపవలెను. తెలుగు బిడ్డ ఏ గ్రూపు చదివినను, ఏ భాషను అదనముగ గైకొన్నను, తెలుగు పత్రము నొకదానిని వ్రాసి తీరవలెను. సంస్కృతమును గైకొన్నవాడు సంస్కృతముననే వ్రాయవలెను. ఈ నిబంధనలు వచ్చు ప్రవేశముల ప్రకటనకు ముందే వెలువడవలెను. ప్రవేశములు ముగిసిన పిదప వచ్చు ఉత్తరువు మరొక యేటి బిడ్డలకు అక్కరకు రాదు.