ఏడాదికోసారి పార్లమెంటు లెక్క చెప్పాలి

ప్రజలు ఎన్నుకున్న సభ్యుడు ఏడాది పొడవునా లోక్‌సభలో ఏం అడిగారో, ఏం మాట్లాడారో, వాటికి ప్రభుత్వం ఏం జవాబిచ్చిందో ఏటా తెలుగులో అచ్చువేయించి భోగాపురం మండలంలోని ప్రతి పంచాయతీ కార్యాలయంలోనూ అందుబాటులో ఉంచాలన్నదే ఈ కరపత్రం కోరిక. 2024లో విజయనగరం స్థానం నుంచి గెలిచిన కలిశెట్టి అప్పలనాయుడు మంత్రి కారు; మంత్రి కాని సభ్యుడికి సభలో ప్రధాన సాధనం ప్రశ్నే కాబట్టి, ఆయన పనిని ప్రజలు అంచనా వేసుకోవడానికి ఆ ప్రశ్నలే తగిన ఆధారం.

లోక్‌సభ సమావేశమయ్యే రోజుల్లో మొదటి గంట ప్రశ్నలకే కేటాయిస్తారు. అందులో నక్షత్ర గుర్తున్న ప్రశ్నలకు మంత్రి నోటితో జవాబు చెబుతారు, దాని మీద అనుబంధ ప్రశ్నలూ వేయవచ్చు. రోజుకు ఇవి ఇరవైకి మించవు. గుర్తు లేని ప్రశ్నలు 230 దాకా ఉంటాయి, వాటికి రాతపూర్వక జవాబే వస్తుంది. ఆ జవాబులు సభ వెబ్‌సైటులో ఇంగ్లీషు, హిందీల్లో ఉంటాయి గాని, ముక్కాంలోనో చేపల కంచేరులోనో వలలు బాగుచేసుకునే మత్స్యకారుడికి అవి అందవు.

అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. "పరిశీలనలో ఉంది", "చర్య తీసుకుంటాం" అని మంత్రి సభలో చెబితే అది ప్రభుత్వ హామీగా నమోదవుతుంది. దాన్ని మూడు నెలల్లో నెరవేర్చాలి, నెరవేరిందో లేదో చూడటానికి లోక్‌సభలో హామీల కమిటీ ఉంది. భోగాపురం అల్లూరి సీతారామరాజు విమానాశ్రయం కోసం మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట ప్రజలు ఊళ్లు ఖాళీ చేశారు. వారి పునరావాసం రాష్ట్ర ప్రభుత్వ బాధ్యతే అయినా, విమానయానం, జాతీయ రహదారి, మత్స్య పథకాలు ఢిల్లీ చేతిలోనివే; వాటి మీద సభలో వచ్చిన ప్రతి హామీనీ తేదీతో సహా ఊళ్లో గోడకు అంటిస్తే, గడువు దాటిందో లేదో జనమే చూసుకుంటారు.

విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్‌నాయుడు పక్క నియోజకవర్గమైన శ్రీకాకుళం సభ్యుడు, పైగా ఆయనదీ అప్పలనాయుడిదీ తెలుగుదేశం పార్టీయే. అంత దగ్గరివారిని సభలో అడగడమెందుకని కొందరు అనవచ్చు. ఈ వాదన నిలవదు. మంత్రి గదిలో జరిగిన మాటకు రికార్డు ఉండదు, సభలో ఇచ్చిన జవాబుకు ఉంటుంది. 2014 నుంచి 2018 వరకు విజయనగరం సభ్యుడు అశోక్ గజపతిరాజే విమానయాన మంత్రిగా ఉండి జవాబులు చెప్పారు. ఇప్పుడు ఆ నియోజకవర్గానికి అడిగే స్థానం దక్కింది, దాన్ని పూర్తిగా వాడుకోవాలి.

అందువల్ల భోగాపురం మండల ప్రజలు వచ్చే గ్రామసభలో రెండు తీర్మానాలు చేయాలి. సభ్యుడు ఏటా తెలుగులో ఈ నివేదిక ఇవ్వాలని ఒకటి. ప్రశ్నకు కనీసం పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలి గనుక, ప్రతి సమావేశానికి నెల ముందే ఊళ్ల నుంచి ప్రశ్నలు స్వీకరించాలని మరొకటి. వాటిని పంచాయతీ ముద్రతో సభ్యుని కార్యాలయానికి పంపి, అందినట్టు రసీదు తీసుకోండి.