పైపును కాసే సెన్సార్ రైతునూ కాయాలి

విశాఖ రిఫైనరీ నుంచి విజయవాడ మీదుగా సికింద్రాబాద్ దాకా హిందుస్థాన్ పెట్రోలియం పైపులైన్ ఉంది. గోదావరి జిల్లాల గ్యాస్‌ను కొండపల్లి వైపు తెచ్చే పైపులు వేరే ఉన్నాయి. పైన మనం వరి, మినుము పండించుకుంటుంటే, కింద నిలువెత్తు లోతైనా లేనిచోట పెట్రోలు, డీజిలు, గ్యాస్ పోతుంటాయి.

దేశంలో చాలాచోట్ల దొంగలు ఇలాంటి పైపులకు కన్నం వేసి ఆయిల్ లాగుతున్నారు. అందుకే కంపెనీలు భూమిలో సెన్సార్లు పెడుతున్నాయి. పైపు పక్కన వేసిన ఫైబర్ కేబుల్‌లోకి లేజర్ వెలుగు పంపుతారు. దగ్గర్లో పలుగు దెబ్బ పడితే నేల అదురుతుంది. ఆ అదురుకు కేబుల్‌లో వెనక్కొచ్చే వెలుగు మారుతుంది. ఎక్కడ తవ్వుతున్నారో కంట్రోల్ రూములో తెలిసిపోతుంది.

దీన్ని మనం వ్యతిరేకించడం లేదు. 2019 జనవరి 18న మెక్సికోలోని త్లావెలిల్పాన్‌లో దొంగలు కన్నం వేసిన పైపు నుంచి పెట్రోలు పైకి చిమ్మింది. పట్టుకోవడానికి జనం ఎగబడ్డారు, నిప్పంటుకుంది. 130 మందికి పైగా చనిపోయారు. అలాంటిది మన చేలల్లో జరగకూడదు.

మన అభ్యంతరాలు రెండు.

మొదటిది, కేబుల్‌కు తెలిసేది అదురు మాత్రమే. ఏది ట్రాక్టరు, ఏది పలుగు అని కంప్యూటర్ పోల్చి చూస్తుంది గానీ, అది ప్రతిసారీ సరిగ్గా చెబుతుందన్న హామీ లేదు. డెల్టాలో దమ్ము చేయాలి, బోదెల్లో పూడిక తీయాలి, మురుగు నీరు పోకపోతే రాత్రికి రాత్రే జేసీబీ పెట్టాలి. 2011లో సవరించిన పైపులైన్ల చట్టం ప్రకారం పైపుకు కన్నం వేస్తే పదేళ్ల దాకా కఠిన జైలు ఉంది. దొంగకు పెట్టిన ఆ శిక్ష భయం బోదె బాగుచేసుకునే రైతు మీద పడకూడదు.

రెండోది, మన ప్రాంతంలో ప్రాణాలు తీసింది దొంగలు కాదు. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామంలో గెయిల్ గ్యాస్ పైపు పేలి ఇరవై మందికి పైగా బలయ్యారు. అక్కడ ఎవరూ తవ్వలేదు. తుప్పు పట్టిన పైపు నుంచి గ్యాస్ లీకైంది. వాసన వస్తోందని ముందే చెప్పామని ఊరివాళ్లు అన్నారు. పలుగు చప్పుడు వినే సెన్సార్ తుప్పును పట్టుకోలేదు. లీకును పసిగట్టే పరికరాలు వేరే ఉన్నాయి. కంపెనీలు సరుకు మీద పెట్టే శ్రద్ధే ఊరి మీదా పెట్టాలి.

1962 నాటి పైపులైన్ల చట్టం మన భూమి మీద కంపెనీకి వాడకం హక్కు ఇచ్చింది. పైపు వెళ్లే పట్టీలో ఇల్లు కట్టకూడదు, బావి, చెరువు తవ్వకూడదు, చెట్లు నాటకూడదు. దీనికిచ్చే పరిహారం ఆనాటి మార్కెట్ విలువలో పది శాతం, పంట నష్టం వేరుగా. ఆ కాస్త డబ్బుతో కంపెనీ బాధ్యత తీరిపోదు.

అందుకే మనం అడుగుతున్నాం:

1. అలారం మోగితే ముందు లైన్ సిబ్బంది పొలానికి వచ్చి రైతుతో మాట్లాడాలి. పోలీసు కేసు ఆ తర్వాతి మాట.

2. సార్వా, దాళ్వా పనులకు ముందు ప్రతి ఊళ్లో సమావేశం పెట్టి పైపు ఎక్కడుందో, ఎంత లోతుందో గట్టు మీద నిలబడి చూపించాలి.

3. లీకు హెచ్చరిక కంట్రోల్ రూముతో పాటు అదే నిమిషంలో పంచాయతీకి, ఫైర్ స్టేషన్‌కు అందాలి.

4. హద్దు రాళ్ల మీద ఫోన్ నంబరు, హెచ్చరిక తెలుగులో ఉండాలి. వాసన వస్తోందని రైతు ఫోన్ చేస్తే నమోదు చేసి రసీదు నంబరు ఇవ్వాలి.

5. పది శాతం పరిహారాన్ని పార్లమెంటు సవరించాలి.

మన వంతు పనీ ఉంది. పైపు పట్టీలో లోతుగా తవ్వాల్సి వస్తే ముందు రాయి మీదున్న నంబరుకు ఫోన్ చేద్దాం. రాత్రిపూట కొత్త మనుషులు, ట్యాంకర్లు కనబడితే చెబుదాం. గ్రామ కమిటీలు పైపు వెళ్లే సర్వే నంబర్లు, రైతుల పేర్లు రాసుకుని మండల కమిటీకి ఇవ్వాలి. ఆ జాబితా చేతిలో ఉంటేనే కలెక్టర్ దగ్గర మన మాట నిలుస్తుంది.