ఆరెత్తుల ఓటమి కూడా పాఠమే

చదరంగం క్లాసుల్లో పిల్లల చేత ఆటల్ని బట్టీ పట్టిస్తున్నారు. ఈ వారం చింతామణిలో అలాంటి క్లాసొకటి చూశాక ఊరుకోలేక రాస్తున్నాను. పదేళ్ల పాప పదిహేడెత్తుల ఆటను ఎక్కం అప్పజెప్పినట్టు గడగడా చెప్పేసింది. ఏడో ఎత్తు ఎందుకమ్మా అట్ల వేసినారు అంటే, "సార్ అట్లే చెప్పిచ్చినారు" అంది.

ఆ ఆట పాల్ మార్ఫీది. 1858లో, 21 ఏళ్ల వయసులో, పారిస్ ఒపేరాలో ఇద్దరు ప్రభువుల మీద ఆడాడు. ఏడో ఎత్తులో మంత్రిని జరిపి ఒకేసారి రెండు బంట్లకు గండం తెచ్చాడు. ఎనిమిదో ఎత్తుకు ఒక బంటును తినేయొచ్చు. తినలేదు, ఇంట్లో కూర్చున్న రెండో గుర్రాన్ని బయటికి తీశాడు. ఎందుకు? ఈ ఒక్క ప్రశ్న మీద అరగంట గడపాలి. పదహారో ఎత్తుకు ముందు బోర్డు ఆపి, ఇప్పుడేం చేస్తావని ప్రతి పిల్లనూ పిల్లాణ్ణీ అడగాలి. మంత్రిని ఇచ్చేస్తామని ఒక్కరైనా అనేదాకా జవాబు చెప్పకూడదు. మంత్రి పోయాక మిగిలిన ఏనుగు, శకటు కలిసి ఆట కట్టేస్తాయి.

చిన్న ఆట గొప్పతనం ఇదే. ఒక పీరియడ్‌లో మొదలై ఆ పీరియడ్‌లోనే ముగుస్తుంది. 2016లో ఐల్ ఆఫ్ మ్యాన్‌లో 11 ఏళ్ల ప్రజ్ఞానంద నల్లపావులతో గ్రాండ్‌మాస్టర్ ఆక్సెల్ బాక్‌మన్‌ను 18 ఎత్తుల్లో ఓడించాడు. తమ ఈడు పిల్లవాడి ఆట అంటే పిల్లలు ముందుకు జరిగి కూర్చుంటారు.

నన్నడిగితే అంతకంటే మంచి పాఠం ఒక ఓటమి. 1987లో ప్రపంచ జూనియర్ చాంపియనైన ఆనంద్, మరుసటి ఏడు బీల్ టోర్నీలో గ్రాండ్‌మాస్టర్ జపాటా చేతిలో ఆరెత్తులకే ఓడిపోయాడు. అంతకుముందు గ్రాండ్‌మాస్టర్లు మైల్స్, క్రిస్టియన్సన్ ఆడి డ్రా చేసుకోగా అచ్చైన ఆటలోని ఎత్తునే నమ్మి ఐదో ఎత్తుకు శకటును ముందుకు తెచ్చాడు. జపాటా మంత్రిని తన రాజు ముందుకు జరిపాడు. అంతే, ఆనంద్ నల్లగుర్రం ఇరుక్కుపోయింది. కదిలితే వెనక రాజున్నాడు, కదలకపోతే బంటు వచ్చి పొడుస్తుంది. అచ్చులో ఉందని నమ్మితే ఆనంద్ అంతవాడికే ఆ గతి పట్టింది. బట్టీ పట్టించే ప్రతి సారూ ముందు ఈ ఆట చెప్పాలి.

మన పిల్లలకు ఇంకో కష్టం ఉంది. బాగేపల్లి వైపు ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడ, చదరంగం పాఠం మాత్రం ఫోన్లో ఇంగ్లీషు. "ఎందుకు" అని అడగాలంటే ముందు నోరు తిరగాలి. ఏనుగు, శకటు, బంటు అనే మాటలు మనకున్నాయి. రాజు ముమ్మడి కృష్ణరాజ ఒడెయరు 64 గళ్లలో గుర్రపు నడకల చిక్కుముళ్లు అల్లింది ఈ మైసూరు సీమలోనే. ఈ నేల మీద చదరంగం పరాయి ఆట ఎట్లవుతుంది?

అయినా సర్కారు బళ్లో ఈ ఆటకు చోటెక్కడ? ఎస్సెస్సెల్సీ దగ్గరికొస్తే పీటీ పీరియడ్ లెక్కల సారు ఖాతాలోకి పోతుంది. ఫలితాల్లో జిల్లా ఎన్నో స్థానమన్నదే అందరి బాధ. టైంటేబుల్‌లో ఆట అని రాసి గదిలో స్పెషల్ క్లాస్ పెట్టడం పిల్లల సొత్తు కాజేయడమే. 18 ఏళ్లకు ప్రపంచ చాంపియనైన గుకేశ్ నాలుగో తరగతి తర్వాత రోజూ బడికి పోలేదు. అంత సెలవు మనమడగడం లేదు. వారానికొక పీరియడ్, రెండు బోర్డులు, బట్టీ పట్టించని ఒక టీచరు. చిక్కబళ్లాపురం విద్యాశాఖ పెద్దలు బళ్లు తెరిచేలోపు ఈ మాత్రం ఇవ్వాలి. ఆ పీరియడ్‌ను లెక్కలకు తీసుకుంటే తల్లిదండ్రులు బడికెళ్లి నిలదీయాలి.